మసి కూర్చునే దాకా

ల్యాబు వరండా చివర ఉన్న ఆ గదిని అందరూ మసి గది అంటారు. మధ్యలో బిందె అంత ఉక్కు డ్రమ్ము. దాంట్లో గాలంతా లాగేసి, హీలియం నింపి, రెండు గ్రాఫైటు కడ్డీల కొసల మధ్య కరెంటు మెరుపు పుట్టిస్తే, కడ్డీ ఆవిరై మసిగా రాలుతుంది. ఆ మసిలో ఫుల్లరీన్లు ఉంటాయి. అరవయ్యో డెబ్భయ్యో కార్బన్ పరమాణువులు బంతిలా అల్లుకున్న బోలు పంజరాలు.

అక్క తొమ్మిదేళ్లు ఆ పని చేసి, చెల్లెలికీ నేర్పింది. "మసి కూర్చునే దాకా మూత తియ్యకే. గంట ఆగు" అని రోజుకోసారైనా చెప్పేది. వద్దన్న పని చెయ్యడం చెల్లెలికి వెన్నతో పెట్టిన విద్య మరి. పాపం, అక్కకు ఉబ్బసం. పక్క గదిలో ఉన్నా ఆవిడ పిల్లికూతలు వినిపించేవి. పోయిన నెల ఆస్పత్రిలో అవి శాశ్వతంగా ఆగిపోయినప్పుడు చెల్లెలు కింద మందుల షాపు దగ్గర వరసలో నిలబడి ఉంది. "మీకేదో చెప్పబోయారండి" అంది నర్సు. ఆ చెప్పబోయిన మాటేమిటో తెలియక చెల్లెలికి తిండి సయించడం లేదు.

సెలవు రోజు పొద్దున్నే ఒంటరిగా వచ్చింది. పంజరంలో ఏదైనా ఇరికించాలంటే కడ్డీకి బెజ్జం వేసి, దాని పొడి కూరతారు. చెల్లెలు కూరింది అక్క జడ కొసను కాల్చిన పొడి. లోపల చిక్కింది పంజరం పగిలితే తప్ప బయటికి రాదని అక్కే చెప్పింది. పిచ్చి పనేనని తెలుసు. అయినా అక్క ఎక్కడో ఒకచోట ఉంటే, ఆ ఒక్క మాటా ఎప్పటికైనా వినొచ్చనుకుంది.

మెరుపు ఆపింది. పంపు కట్టేసింది. గదిలో కాలిన వెంట్రుకల వాసన. డ్రమ్ము బిగించే ఉంది, వాసన ఎలా వచ్చిందో...

లోపల... సన్నగా... పిల్లికూత.

డ్రమ్ముకు చెవి ఆనించింది. "అక్కా?"

కూత ఆగింది. ఎవరో వింటున్నట్టు.

గడియారం చూస్తే పన్నెండు నిమిషాలే అయింది. ఆత్రగాడికి బుద్ధి మట్టు. ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా, లోపలికి గాలి వదిలి మూత ఎత్తేసింది.

మసి ఇంకా కూర్చోలేదు. నల్లగా లేచి మొహాన్ని కమ్మేసింది. అక్కా అని పిలవబోయి, నోరారా పీల్చేసింది. దగ్గు తగ్గాక తొంగి చూస్తే లోపల ఎవరూ లేరు.

మిగిలిన మసిని టొల్యూన్‌లో మరిగించి, వడగట్టి, పొడి నింపిన గాజు గొట్టంలోంచి దించేసరికి సాయంత్రమైంది. ముందు ఊదా రంగు, వెనక ఎర్రటి గోధుమ రంగు, ఎప్పటిలాగే వేరుపడ్డాయి. రెండు సీసాలూ పట్టుకుని ఎదురు గదికి వెళ్లింది. అక్కడ అణువుల బరువు తూచే మిషను ఉంది. దాన్ని నడిపే పెద్దాయన్ని త్రాసు మావయ్య అంటారు. సెలవు రోజైనా ఆయనకు ఇల్లు పట్టదు.

"ఏడు వందల ఇరవై, ఎనిమిది వందల నలభై. ఉండాల్సినవే. అన్నీ ఖాళీ పంజరాలేనమ్మా" అన్నాడు ఆయన కాగితం చూసి. "నువ్వేం కూరావో గానీ, ఇందులోకి రాలేదు."

చెల్లెలికి ఏడుపొచ్చింది. సగం నిరాశ. సగం, నిజం చెప్పాలంటే, హాయి.

"మరి ఎటు పోయినట్టు, మావయ్యా?"

"గాల్లో కలిసిపోయుంటుంది." ఆయన కళ్లజోడు తీసి ఆమె వంక చూశాడు. "అది సరే, మీ అక్కలాగే నీకూ పట్టుకుందా ఉబ్బసం? వచ్చినప్పట్నుంచీ ఆ పిల్లికూతలేంటి?"

తనకు ఉబ్బసం లేదు. బల్లను రెండు చేతులతో పట్టుకుని ఊపిరి బిగబట్టింది. ఒకటి... రెండు... పది...

రొమ్ములో కూత ఆగలేదు. లోపలికి. బయటికి. మళ్లీ లోపలికి.

అప్పుడు, నెల రోజులుగా వినాలని ఏడ్చిన గొంతు, పక్కటెముకల వెనకనుంచి పలికింది.

"ఊపిరాడట్లేదే... మూత తియ్యి."

మావయ్య కుర్చీ వెనక్కి జరిపాడు. ఆయన చూస్తున్నది ఆమె మొహం వంక కాదు. ఆమె చొక్కా పై గుండీ ఊడింది. నెమ్మదిగా, దాని కిందిది కూడా.

ఆమె చేతులు రెండూ బల్ల మీదే ఉన్నాయి.