మొదటి ముక్క తీసేవాడు

మా పరిచయం నేనొక ఓడ తెరచాప తినెయ్యడంతో మొదలైంది.

ఓడంటే చెక్కపలక మీది ఓడ. గట్టి చీజ్ దిమ్మెలు పేర్చి, మెత్తటి చీజ్‌తో వాటిని అతికించి, పల్చగా కోసిన హామ్ మాంసాన్ని బ్రెడ్ పుల్లలకు చుట్టి తెరచాపలుగా నిలబెట్టింది. చుట్టూ నల్లద్రాక్ష సముద్రం. గ్లాసు అంచు చుట్టూ సలామీ మాంసం ముక్కలు మడిచి బోర్లిస్తే వచ్చే గులాబీలు ఒడ్డున. అలాంటివి చేసి పార్టీలకు పంపడం ఆమె పని. వాటిలోంచి మొదటి ముక్క తీయడం నా పని.

అదీ ఒక ఉద్యోగమేనా అంటే, నాకూ మొదట్లో నమ్మకం కుదరలేదు. మా విందుల కంపెనీ మేనేజరు కొన్నాళ్లుగా ఒక సంగతి గమనిస్తున్నాడు. ఆమె పలక ఎంత అందంగా ఉంటే అంత మిగిలిపోతోంది. అతిథులు చుట్టూ చేరతారు, ఫోటోలు తీసుకుంటారు, ముట్టుకోబుద్ధి కావడం లేదంటూ వెళ్లి వేరే బల్ల మీది వేపుళ్లు తింటారు. గంట తిరిగేసరికి చీజ్‌కి చెమట పడుతుంది, హామ్ అంచులు ఎండుతాయి. ఎవరైనా ఒక్కరు చెయ్యి పెడితే పది నిమిషాల్లో పలక ఖాళీ. ఆ ఒక్కరూ ఎవరన్నదే చిక్కు. వడ్డించేవాళ్లలోంచి మేనేజరు నన్ను పిలిచి, యూనిఫాం విప్పి మంచి చొక్కా తొడుక్కోమన్నాడు. నీది ఎవరింట్లో నిలబెట్టినా వాళ్ల బంధువులా కనిపించే మొహం అన్నాడు.

ఆయనకు తెలియనిది ఒకటుంది. నేను మేనమామ ఇంట్లో పెరిగాను. అక్కడ నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా అందరూ వడ్డించుకున్నాకే నేను గరిటె పట్టుకునేవాణ్ణి. ఎవరూ నేర్పకుండానే పరాయి ఇంట్లో పిల్లలకు వచ్చే మర్యాద అది. అలాంటివాణ్ణి నిండు బల్ల ముందు నిలబెట్టి, అందరికంటే ముందు చెయ్యి చాచమన్నారు. మొదటిరోజు పెద్ద తెరచాపే పట్టుకుని లాగాను. అది ధైర్యం కాదు, ఎన్నాళ్లదో ఆకలని ఇంటికి వెళ్లాక అర్థమైంది.

ఆ రోజు వంటగది గుమ్మంలోంచి ఆమె అంతా చూసింది. పార్టీ అయ్యాక ఖాళీ పలక తీసుకుపోవడానికి వచ్చి నా ముందు ఆగింది.

“అంత ఓడలో మీకు తెరచాపే దొరికిందా?”

“ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదండీ.”

“వెనకాల ద్రాక్షపళ్లున్నాయి.”

“ద్రాక్షపండు తీస్తే ఎవరికి ధైర్యం వస్తుంది? పెద్దది విరగాలి.”

ఆమె ఆ మాటను కాసేపు తూచినట్టు చూసింది. “నాకు రెండు రోజులు పట్టింది. మీకు రెండు సెకన్లు,” అని పలకను చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి నా పేరు కూల్చివేతల శాఖ. చీజ్‌ని సున్నంలా పూసి కడుతుంది కాబట్టి ఆమె పేరు మేస్త్రి. కూల్చివేతల శాఖవారు ఈరోజు చేతులు కడుక్కున్నారా అని వంటగదిలో అందరూ వినేలా అడిగేది. మేస్త్రిగారి గోడ కొంచెం వంకరగా ఉందే అని నేననేవాణ్ణి. ఏ మూలా వంకర ఉండేది కాదు. ఆమెకూ తెలుసు, అయినా వంగి చూసుకునేది.

కొన్నాళ్లకు కడుతున్నప్పుడే నన్ను పిలవడం మొదలుపెట్టింది. ఇదిగో ఇక్కడ తీస్తే పక్కది వాలుతుంది కానీ పడదు, ఇక్కడ పట్టుకుంటే రెక్క మొత్తం వస్తుంది, అని చూపించేది. ప్రతి బొమ్మలోనూ ఒకచోట కాస్త తక్కువ అతికించి నా కోసం వదిలేస్తోందని తెలిసిన రోజు ఆ చోటునే చూస్తూ నిలబడిపోయాను. అంతకుముందు ఏ బల్ల దగ్గరా ఎవరూ నా చేతికి చోటు ఉంచలేదు. ప్రేమంటే ఇదేనా అని నన్ను నేనే అడిగాను. జవాబు వస్తే దాంతో ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుందని, వెంటనే ఆ ప్రశ్న మానేశాను.

ఒక మధ్యాహ్నం వాన. వ్యాన్‌లోంచి సామాను దించే వీల్లేక ఇద్దరం ముందు సీట్లలో కూర్చున్నాం. ఆమె ఒళ్లో చీజ్ కోడిపుంజు. అది మెత్తబడకూడదని ఏసీ పూర్తిగా పెట్టింది. బయట వాన, లోపల మంచు. నా పళ్లు కొట్టుకుంటున్నాయి.

“చలేస్తే చెప్పొచ్చు,” అంది.

“చెబితే ఏసీ తగ్గిస్తారా?”

“తగ్గించను. కోడి ముఖ్యం. కానీ నువ్వు చెప్పొచ్చు.”

మీరు నువ్వయిన సంగతి ఇద్దరం గమనించి, గమనించనట్టు అద్దం మీద వాన చూశాం. అప్పుడు వాళ్ల నాన్న గురించి చెప్పింది. ఆయన రాతి శిల్పి. నలభై ఏళ్లు రాళ్ల యార్డులో విగ్రహాలు చెక్కాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరింది. ఇప్పుడు ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండరు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చునే చెయ్యి తిప్పడం నేర్చుకుంది. ఈ పనిలోకి వచ్చాక ఆమె చేసినవాటిలో ఒక్కటీ ఆయన చూడలేదు, ఫోటో చూపించినా కళ్లజోడు తీసి పక్కన పెట్టేసేవాడు. పొద్దున చేస్తే సాయంత్రానికి అరిగిపోయేది పనేమిటి అని ఒకే ఒక్కసారి అన్నాడట. డాక్టరు ఇక నెలల లెక్కే అన్నాడు.

“ఒక్కసారి వచ్చి చూడాలి. చూసి ఒక్క మాట అనాలి. నాకింకేం వద్దు,” అంది.

కోడిపుంజు తోకలో ఒక ఈక వదులైంది. మాట్లాడుతూనే బొటనవేలితో నొక్కి అతికించింది.

ఆ అవకాశం వచ్చింది. యార్డు మూసేస్తూ యజమాని పాత పనివాళ్లందరికీ ఒక మధ్యాహ్నం విందు ఇచ్చాడు. పలక తనే చేస్తానంది. మూడు రోజులు నిద్ర లేకుండా ఒక రాతి కొండ కట్టింది. ఒకవైపు మెట్లుమెట్లుగా తొలిచిన కొండ. పాత చీజ్ దిమ్మెల్ని తీగతో కోసి రాళ్లలా పేర్చింది. మధ్య మధ్య ఎర్రటి హామ్ పొరలు, రాతిలో చారల్లా. నా చోటు ఎక్కడని అడిగితే, పై నుంచి రెండో మెట్టు అంది.

“కానీ ఈసారి తొందరపడకు. నాన్న చూడాలి. నేను తల మీది టోపీ తీస్తాను. అప్పుడు.”

“మేనేజరు గొడవ చేస్తే?”

“చెయ్యనీ. టోపీ తీసేదాకా ముట్టుకోకు.”

ఆయన సిలిండరు చక్రాల బండి లాక్కుంటూ వచ్చాడు. కొండ ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మిగతా ముసలివాళ్లు ఆయన చూడటం అయ్యేదాకా ఆగారు. పది నిమిషాలు, ఇరవై, ముప్ఫై. చీజ్ మీద చెమట మెరుస్తోంది. మేనేజరు దూరం నుంచి నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు. నేను బల్ల పక్కనే ఉన్నాను. గుమ్మంలో ఆమె, చేతులు కట్టుకుని, ఆయన్నే చూస్తోంది. అలాంటి మొహం ఆమెకు ఉందని నాకు తెలియదు. ఆకలిగా ఉన్న పసిపిల్ల మొహం అది.

ఆయన లేచి బల్ల దగ్గరికొచ్చి వంగాడు. తర్వాత మెల్లగా నడుం ఎత్తి నోరు తెరిచాడు.

నేను రెండో మెట్టు తీసేశాను.

టోపీ ఆమె తల మీదే ఉంది. కొండ సగం జారి పలక మీద పడింది. వెనకనుంచి నవ్వులు, ప్లేట్ల చప్పుడు, జనం. ఆయనకు దగ్గు వచ్చింది. ఎవరో కుర్చీలో కూర్చోబెట్టారు. దగ్గు తగ్గాక ఇంటికి తీసుకెళ్లమన్నాడు.

ఖాళీ పలకతో తిరిగి వస్తుంటే వ్యాన్ ఆమే నడిపింది. తిడితే బాగుండునని కాచుకున్నాను. చివరికి అడిగింది.

“నాన్న ఏదో అన్నట్టున్నాడు. నువ్వు పక్కనే ఉన్నావుగా.”

“బావుంది అన్నాడు.”

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. నా నోట్లోంచి వచ్చిందని మాత్రం తెలుసు.

ఆమె వ్యాన్ పక్కకి ఆపింది. ఆ మాటేనా అని అడిగింది, అవునన్నాను. ఇంకోసారి చెప్పమంది, చెప్పాను. అప్పుడు నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అంతకుముందెప్పుడూ ఆమె నా భుజం తాకలేదు. నేను కదలకుండా కూర్చున్నాను. మనది కానిదాన్ని మొయ్యమని ఇస్తే, అది చేతిలో ఉన్నంతసేపూ మనదే అనిపిస్తుంది.

విందు అయిన పదకొండో రోజు ఆయన పోయాడు. ఈలోగా కూతురు నాన్నని ఏమీ అడగలేదు. ఆ ఒక్క మాట రెండోసారి అడిగి పల్చన చేసుకోవడం ఇష్టం లేదంది.

ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. బావుందన్నాడు తెలుసా అని. విన్నవాళ్లు నన్ను చూసేవారు. వాళ్ల మేనత్త అయితే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. మా తమ్ముడు పెళ్లినాడు పెళ్లికూతుర్ని చూసి కూడా బావుందనలేదు బాబూ అని కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. వెళ్లేముందు మా ఇద్దరినీ చూసి, వాడి చివరి మంచి మాట నీ చెవిన పడింది, నువ్వీ ఇంట్లో ఉండాల్సినవాడివే, ఎప్పుడనుకుంటున్నారో చెప్పండి అంది.

నాకు కావలసిందంతా నా ముందుకు వచ్చింది. ఇల్లు, మనిషి, పెద్దల మాట. ఆ వారమంతా నాకు అన్నం దిగలేదు.

ఒక పొద్దున ఆమె నన్ను పెరట్లో వాళ్ల నాన్న షెడ్డుకి తీసుకెళ్లింది. సగం చెక్కిన రాళ్లు, వరసగా ఉలులు. కిటికీ కింద రాతి దిమ్మె మీద కూర్చుని, అత్త అడుగుతోంది, ఏం చెప్పను అంది. సమాధానం కోసం ఆగకుండా, ఇకమీదట ఏం కట్టినా ఆ మాట తల్చుకునే కడతానంది.

“ఆయన ఆ మాట అనలేదు,” అన్నాను.

ఆమె మొహంలో ఏదీ మారలేదు. వినపడలేదేమో అనుకున్నాను.

“మరేమన్నాడు?”

“ఏమీ అనలేదు. అనబోయాడు. నేను తీసేశాను.”

“మేనేజరు చూశాడనా?”

“కాదు. అరగంటగా నువ్వు నన్ను చూడలేదు.”

ఎన్ని నెలలుగానో చెప్పాలనుకున్న సంగతి చెప్పేశానని అర్థమైంది, కానీ అది బయటికి వచ్చిన తీరుకి నాకే అసహ్యం వేసింది. ఆమె తండ్రి చావుబతుకుల్లో ఉండి కొండని చూస్తుంటే, పక్కనున్నవాడికి ఆమె తనవైపు చూడలేదని ఉక్రోషం. ఆమె లేచి గోడవైపు తిరిగి నిలబడింది.

“వెళ్లు,” అంది.

గుమ్మం దాకా వెళ్లాను.

“ఆగు. ఆయన వంగి ఏం చేశాడు? నీకేం అనిపించిందో నాకొద్దు. చేతులు ఏం చేశాయో చెప్పు.”

ఆ నిమిషంలో నేను ఆమెనే చూస్తున్నాననుకున్నాను. కానీ పక్కచూపుకి పడినదంతా ఎక్కడో మిగిలే ఉంది. ఎడమచేత్తో గొట్టం పక్కకి జరిపాడు. కుడి బొటనవేలు మూడో మెట్టు అంచు వెంట పోయి, ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే ఆగింది. ఆ తర్వాత మరీ కిందికి వంగి ఊదాడు. రెండుసార్లు. రెండోసారి ఊపిరి అందలేదు.

“ఊదాడా?”

“ఊ. చీజ్ మీద దుమ్మేముంటుంది అనుకున్నాను.”

ఆమె మెల్లగా దిమ్మె మీద కూర్చుంది. “రాతిలో తేడా ఉన్నచోట పొడి కూరుకుంటుంది. చూపు ఆనదు. అందుకని ఊదుతాడు,” అంది. కాసేపటికి, “తప్పు దొరికింది. అది చెప్పబోయాడు,” అంది.

క్షమించమని అనబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. కళ్లనిండా నీళ్లు. ఆ రోజు వ్యాన్‌లో ఏడ్చినట్టు కాదు, లోపల ఏదో బరువైనది జరిపితే వచ్చినట్టు.

“నా పనిలో ఆయన ఇంతవరకు తప్పు కూడా పట్టలేదు,” అంది. “బావుంది కంటే ఇదే పెద్దది. అదేమిటో నీ వల్ల నాకు తెలియకుండా పోయింది. నిన్నేం చెయ్యాలో నాకు తెలియడం లేదు.”

తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాను.

నాలుగు రోజులకు ఫోన్ చేసి పొద్దున్నే రమ్మంది. షెడ్డులో బల్ల మీద కొండ మళ్లీ ఉంది, మొత్తం కాదు, పై రెండు మెట్లూ లేకుండా మూడో మెట్టు దాకా. ముందు గీసుకున్న పటం కొలతలే, అదే చీజ్, అదే తీగ. ఎక్కడో చూపించమంది. అంచుకి తగలకుండా వేలు పెట్టి చూపించాను. ఆమె వంగింది. నేనూ వంగాను. మా తలలు దగ్గరగా ఉన్నాయి, కానీ ఆ దగ్గరతనంలో నాకేమీ వాటా లేదని తెలుసు.

అంచు తిన్నగా ఉంది. అతుకు కనపడటం లేదు. ఆమె బొటనవేలితో రాసింది, ఊదింది, పక్కకి జరిగి చూసింది.

“నీకేమైనా కనపడుతోందా?”

వంకరగా ఉందే అని ఆటపట్టించిన రోజులు గుర్తొచ్చాయి. “లేదు,” అన్నాను.

“నాకూ లేదు.” ముక్కాలిపీట ఒకటి నావైపు తోసింది. “నాన్న అయితే ఎండ అటువైపు తిరిగేదాకా కూర్చునేవాడు. వెలుతురు మారితే కొన్ని పైకి వస్తాయి.”

“అప్పటికి ఇది మెత్తబడిపోతుంది.”

“పడనీ. నువ్వుండు.”

కూర్చున్నాను.