అమ్మ మరిచిపోయిన కల

అమ్మ మూసిన రెప్పల కింద ఏదో కదిలింది.

ఉడుత లెక్కల పుస్తకం పక్కన పెట్టి, మోకాళ్ల మీద మంచం దగ్గరికి జరిగింది. బయట ఎండ బాగా ఎక్కింది. కిటికీకి అడ్డంగా కట్టిన పాత దుప్పటి చిరుగుల్లోంచి వెలుగు సన్నగా గదిలో పడుతోంది. ఆ వెలుగులో అమ్మ ముఖం నీళ్లు పోయని మొక్కలా వాడి ఉంది. రెప్పల కింద కనుగుడ్లు మాత్రం అటూ ఇటూ పరుగులు పెడుతున్నాయి.

అంటే అమ్మకి కల వస్తోందన్నమాట.

ఉడుత ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత అమ్మ భుజం తట్టింది.

"అమ్మా, ఏం కల?"

అమ్మ కళ్లు సగం తెరిచింది. ఎక్కడుందో తెలియనట్టు పైకప్పు కేసి చూసింది. పెదాలు తడుపుకుని, నిద్రగొంతుతోనే చెప్పింది.

"దుప్పటి మడత పెడుతున్నానే. మడత పెడుతుంటే దాంట్లోంచి చేపలు రాలుతున్నాయి. చిన్నచిన్న చేపలు. మా సూపర్‌వైజరమ్మ వాటిని కూడా ఇస్త్రీ చేయమంటోంది."

ఉడుత పకపకా నవ్వింది. అమ్మ కూడా కాస్త నవ్వి, గోడవైపు తిరిగి పడుకుంది. కానీ పోయిన నిద్ర వెంటనే రాలేదు. ఉడుత బడికి బయల్దేరేదాకా మంచం కిర్రుకిర్రుమంటూనే ఉంది.

ఉడుత అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ అవసరం పడదు. పాకే వయసులోనే ఒక్కచోట కుదురుగా ఉండేది కాదు. బొత్తాలు, చీటీలు, సీసా మూతలు, ఏది కనబడితే అది ఏరి దాచుకునేది. దాంతో ఆ పేరు అతుక్కుపోయింది.

వాళ్ల నాన్న లారీ మీద వెళ్తే వారాల తరబడి రాడు. అమ్మ పెద్దాసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. అందరూ పక్కలేసుకునే వేళకి ఆమె డ్యూటీకి బయల్దేరుతుంది. తడి దుప్పట్లని వేడి రోలర్ల మధ్యకి పంపించడం, ఇవతలికి వచ్చినవాటిని మడత పెట్టడం, రాత్రంతా అదే పని. కింది వాటాలో బట్టలు కుట్టే పెద్దమ్మ వచ్చి ఉడుతకి తోడు పడుకుంటుంది. తెల్లారేసరికి అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కి వస్తుంది. గడియ చప్పుడు కాకుండా తీస్తుంది. ఉడుత లేచేసరికి అమ్మ వంటగదిలో ఉంటుంది. ఎప్పుడొచ్చిందో ఉడుతకి ఒక్కనాడూ తెలియలేదు.

బడిలో గదులు చాలవు కాబట్టి చిన్నవాళ్లకి పొద్దున, ఉడుత క్లాసుకి మధ్యాహ్నం. అందుకే పొద్దున్నంతా ఆ గదిలో పడుకున్న అమ్మ, మెలకువగా ఉన్న ఉడుత, ఇద్దరే.

కలల గోల మొదలైంది సైన్స్ టీచర్ వల్ల. పొద్దుటి బ్యాచ్‌కి చెప్పి చెప్పి, ఉడుత క్లాసుకి వచ్చేసరికి ఆవిడ గొంతు అరిగిపోయి ఉంటుంది. మధ్యాహ్నం మొదటి పీరియడ్‌లో పిల్లల తలలు కూడా బెంచీల మీదకి వాలిపోతుంటాయి. ఒకరోజు ఆవిడ సుద్ద కింద పెట్టి, కుర్చీలో కూలబడి, ఇవాళ పాఠం వద్దు, నిద్ర గురించే మాట్లాడుకుందాం అంది.

కల వస్తున్నప్పుడు రెప్పల కింద కళ్లు కదులుతాయట. ఆ సమయంలో మెలకువ వస్తేనే కల బాగా గుర్తుంటుందట. లేకపోతే చాలాసార్లు ఆవిరైపోతుందట. ఇంకో వింత కూడా చెప్పింది. కలలో ఉండగానే, ఇది కల అని తెలుసుకోవచ్చట. దానికి పగలంతా అప్పుడప్పుడూ చెయ్యి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. కలలో కూడా అదే అలవాటుగా చూసుకుంటాం. కలలో చెయ్యి సరిగ్గా ఉండదు. వేళ్లు ఎక్కువో తక్కువో కనబడతాయి. అప్పుడు, ఓహో ఇది కలే అని తెలిసిపోతుంది. ఇక మన ఇష్టం, ఎగరొచ్చు, కావలసిన చోటికి పోవచ్చు.

ఆ మర్నాటి నుంచి క్లాసంతా అరచేతులు చూసుకోవడమే. నోరు మూతపడదని అందరూ రేడియో అని పిలిచే పిల్ల, లెక్కల పరీక్షలో పేపరు అందుకుని ఆశగా చెయ్యి చూసుకుంది. తర్వాత ఉసూరుమంటూ పక్కకి తిరిగి, "వేళ్లన్నీ సరిగ్గానే ఉన్నాయే. పరీక్ష నిజమే," అంది.

టీచర్ ఇంకో పద్ధతి కూడా పెట్టింది. పాఠానికి ముందు ఎవరైనా తమ కల చెప్పాలి. చెప్పినవాళ్లు బోర్డు మూల రంగు సుద్దలతో ఆ కల బొమ్మ వేయొచ్చు. దాన్ని ఎవరూ తుడపకూడదు. రేడియో బడిమీద ఎగిరింది. ఇంకొకరు ఏనుగుతో కబుర్లాడారు. ఉడుతకి మాత్రం ఏమీ గుర్తుండేది కాదు. పొద్దున కళ్లు తెరిస్తే బుర్ర కడిగిన పలకలా ఉండేది. ఎంత కదలకుండా పడుకుని వెతికినా ఒక్క ముక్కా దొరికేది కాదు.

"నీకు కలలు కూడా రావా?" అని రేడియో జాలి పడింది. ఆ జాలే ఉడుతకి ముల్లులా గుచ్చుకుంది.

అందుకే చేపల కల వినగానే ఉడుత దాన్ని భద్రంగా మూట కట్టుకుని బడికి పట్టుకెళ్లింది. ఇది నా కల అని చెప్పింది. సూపర్‌వైజరమ్మ చేపల్ని ఇస్త్రీ చేయమంది అనగానే క్లాసు గొల్లుమంది. టీచర్ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నీలం సుద్ద ఉడుత చేతికొచ్చింది.

మర్నాడు పొద్దున పుస్తకం తెరిచింది కానీ చూపంతా అమ్మ రెప్పల మీదే. కదిలాయి. లేపింది. దుప్పట్లు తీగ మీదనుంచి ఎగిరిపోతే అమ్మ నిచ్చెన వేసుకుని వెంటపడిందట. అదీ బాగానే ఉంది. ఆ తర్వాతి రోజు మాత్రం కల చప్పగా వచ్చింది. ఉత్త మడతలు. దాంతో కాసేపాగి మళ్లీ లేపింది. మళ్లీ మడతలే.

"ఒకటే దుప్పటి ఉడుతా. ఎంత మడత పెట్టినా అయిపోదు," అంది అమ్మ. కసరలేదు. విసుక్కోనూ లేదు.

ఉడుత ఆమెకి చెయ్యి చూసుకునే కిటుకు నేర్పింది. కల అని తెలిస్తే ఏం కావాలంటే అది చేయొచ్చమ్మా, ఏం చేస్తావు అని అడిగింది. అమ్మ కళ్లు మూసుకునే ఆలోచించింది.

"కూర్చుంటాను," అంది.

అదేం కోరికో ఉడుతకి అర్థం కాలేదు. బొమ్మ వేయడానికి కూడా పనికిరాదనుకుంది.

అలా పొద్దునకి ఒకసారి కాస్తా రెండు మూడు సార్లయింది. అమ్మ టీలో ఉప్పు వేసింది. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి నాన్న చెప్పు వేసుకుని కిందికి దిగింది. ఒకరోజు జడ వేస్తుంటే దువ్వెన సగంలో ఆగిపోయింది. ఉడుత తిరిగి చూస్తే, అమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోతోంది. జుట్టు మాత్రం గుప్పిట్లోంచి వదల్లేదు. కళ్లు కదులుతున్నాయేమోనని ఉడుత ఆమె రెప్పలు చూసింది. కదలడం లేదు. సరేనని లేపి, జడ పూర్తి చేయించుకుంది.

ఇది జరిగిన కొద్దిరోజులకే ఒక పొద్దున ఉడుతకి మాటల చప్పుడుకి మెలకువ వచ్చింది. పక్కన కుట్టు పెద్దమ్మ లేదు. తలుపు ఓరగా తీసి ఉంది. మెట్ల మీద అమ్మ కూర్చుని ఉంది. ఎడమ చేతికి అరచెయ్యి మొత్తం తెల్లటి కట్టు ఉంది.

పెద్దమ్మ గొంతు తగ్గించి అడుగుతోంది. అమ్మ మెల్లగా చెబుతోంది. నిలబడే కునుకు పట్టిందట. దుప్పటితో పాటు చెయ్యి కూడా వేడి రోలర్‌కి తగిలి కాలిందట. పక్కనున్నావిడ వెనక్కి లాగకపోతే చెయ్యే పోయేదట.

"నీకు నిద్ర చాలట్లేదు. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో," అంది పెద్దమ్మ. "పగలు పిల్లని మా ఇంటికి పంపకూడదూ?"

"వద్దక్కా. నాతో మాట్లాడ్డానికి దానికి ఇంకెప్పుడు దొరుకుతుంది? నన్ను లేపి కలలు చెప్పమంటుంది. పక్కనే కూర్చుని ఎంత శ్రద్ధగా వింటుందో. చిన్నపిల్ల కదా, బెంగ పెట్టుకుంది. నిద్రదేముందిలే, ఎప్పుడైనా పోవచ్చు."

ఉడుత తలుపు వెనకే నిలబడిపోయింది. 

ఇది కలైతే బాగుండు అనుకుంది. చెయ్యి ముందుకు చాపి చూసుకుంది. వేళ్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. గోళ్ల సందుల్లో నిన్నటి నీలం సుద్ద ఇంకా అంటుకునే ఉంది.

ఆ పొద్దున అమ్మ పడుకున్నాక ఉడుత లెక్కల పుస్తకం తీయలేదు. టకటకమనే ఫ్యాన్ స్విచ్చు దగ్గర కాగితం మడిచి దూర్చింది. కుర్చీని ఈడ్వకుండా ఎత్తి పెట్టింది. వీధి చివర కూరగాయల బండి మైకు వినబడగానే ఉత్తకాళ్లతో కిందికి పరిగెత్తింది. బండాయనకి ఎదురెళ్లి నోటిమీద వేలు పెట్టి, పైకి చూపించి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని పడుకున్నట్టు సైగ చేసింది. ఆయన తలూపి మైకు కట్టేశాడు. వాళ్ల ఇల్లు దాటేదాకా బండి చప్పుడు చేయకుండానే వెళ్లింది.

ఉడుత తిరిగొచ్చేసరికి అమ్మ రెప్పల కింద కళ్లు కదులుతున్నాయి.

ఉడుత చెయ్యి అలవాటుగా లేచింది. ఆ చేతిని తీసుకెళ్లి తన తొడ కిందే పెట్టుకుని, దానిమీద కూర్చుంది.

కట్టు లేని చేతి వేళ్లు పక్క మీద మెల్లగా ఆడుతున్నాయి. అంచు పట్టుకుంటున్నట్టు, మడుస్తున్నట్టు. మళ్లీ అంచు, మళ్లీ మడత. ఉడుత ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఉన్నట్టుండి ఆ వేళ్లు ఆగాయి. అమ్మ నుదుటి మీది ముడి విడిపోయింది. పెద్ద ఊపిరి ఒకటి తీసుకుంది. కాసేపటికి కళ్లు కూడా కదలడం మానేశాయి.

ఎక్కాల్సిన బస్సు ఎదురుగానే వెళ్లిపోయినట్టు, ఆ కల వెళ్లిపోయింది. ఉడుత దాన్ని పోనిచ్చింది.

బడి వేళకి తన జడలు తనే వేసుకుంది. ఒకటి లావు, ఒకటి సన్నం. ఒకటి చెవి పక్కకి వచ్చింది, ఇంకోటి మెడ వెనక్కి పోయింది. గడియ చప్పుడు కాకుండా తీసింది. అది ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. రాతిమెట్లు పాదాలకి చల్లగా తగిలాయి. తెల్లారుజామున ఇంకా చల్లగా ఉంటాయి కాబోలు అనుకుంది. వీధిలోకి వచ్చాకే చెప్పులు వేసుకుంది.

"ఇవాళ ఏం కల తెచ్చావమ్మా?" అంది టీచర్, ఆవలింత ఆపుకుంటూ.

ఉడుత లేచి నిలబడింది. ఇవాళ కల లేదని చెప్పింది. ఇన్నాళ్లూ చెప్పినవి తనవి కావని, అమ్మవని, అమ్మని నిద్రలేపి మరీ అడిగి తెచ్చానని చెప్పింది. చెప్పేటప్పుడు బెంచీ కేసే చూసింది.

 ముందుగా రేడియోనే నోరు తెరిచింది.

"అయితే చేపలు అబద్ధమా?"

"చేపలు నిజమే. మా అమ్మవి."

 మీ అమ్మ ఇప్పుడేం చేస్తోంది అని టీచర్ అడిగింది. నిద్రపోతోంది అంది ఉడుత. టీచర్ మెల్లగా తలూపింది. డబ్బాలోంచి సుద్ద తీసి, పోనీ నీ బొమ్మే ఏదైనా వేస్తావా అని అడిగింది. ఉడుత బోర్డు దగ్గరికి వెళ్లింది. నిన్న తను వేసిన దుప్పట్ల గుట్ట అక్కడే ఉంది. దాని పక్కన ఒక కుర్చీ బొమ్మ గీసి, వచ్చి తన బెంచీలో కూర్చుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కిటికీకి కట్టిన దుప్పటి తీసేసి ఉంది. అమ్మ ముఖం కడుక్కుని మంచం మీద కూర్చుంది. బుగ్గ మీద దిండు గీతలు ఎర్రగా పడి ఉన్నాయి.

"ఏమే, ఇవాళ లేపలేదేం?"

"ఊరికే."

"ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. ఏదో కల వచ్చినట్టే ఉంది," అంటూ అమ్మ నుదురు రుద్దుకుంది. ఆలోచించింది. ఆఖరికి నవ్వేసింది. "ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు. నీకు చెప్పడానికి ఏమీ మిగల్లేదే ఉడుతా."

"పోతే పోయిందిలేమ్మా."

అప్పుడు అమ్మ చూపు ఆ జడల మీద పడింది. ఇదేం వేషమే, ఇలాగే బడికి వెళ్లావా అంటూ కూతుర్ని దగ్గరికి లాక్కుని ముందు కూర్చోబెట్టుకుంది. కట్టు ఉన్న చేతి వేళ్ల చివర్లతో జుట్టు పట్టుకుని, రెండో చేత్తో దువ్వెన అందుకుంది.

"అమ్మా, నీకొకటి చెప్పాలి," అంది ఉడుత.

"చెప్పు, వింటున్నాను."

ఉడుత చేపల దగ్గర మొదలుపెట్టి, నీలం సుద్ద గురించి, రేడియో జాలి గురించి, తలుపు వెనక విన్న మాటల గురించి, అన్నీ చెప్పింది. మధ్యలో ఆపలేదు.

దువ్వెన కూడా ఎక్కడా ఆగలేదు.