బరువు పెట్టని పరీక్ష

మీటరు పన్నెండు వోల్టులు చూపింది. జోగినాయుడు పవర్ సప్లైని అమ్మకాల అరలోకి నెట్టాడు. వంచిన పిన్నుతో పచ్చ తీగనూ నల్ల తీగనూ కలపాలి, ఫ్యాను తిరగాలి, అంకె సరిపోవాలి. విశాఖ కంప్యూటర్ల వీధిలో ఏళ్ల తరబడి సరుకు పరీక్ష అంటే అంతే.

బరువు పెట్టి, అంటే కరెంటు బాగా లాగే సామాను తగిలించి కూడా చూద్దామని మెకానిక్ సుగుణ రోజూ అంటుంది.

"సప్లై అమ్ముతున్నామా, సంబంధం చూస్తున్నామా సుగుణా?" అని అతను రోజూ నవ్వుతాడు.

ఆ సప్లైలన్నీ ఇప్పుడు పలుకుపెట్టెలకే పోతున్నాయి. నోరు పడిపోయినవారి తలకు పట్టీ కడితే, మంచం పక్కనుండే ఆ కంప్యూటర్ తలపును చదివి వారి గొంతుతోనే పలుకుతుంది. కూరగాయల బేరాలు సైతం అలా జరిగిపోతున్నాయి. ఆరేళ్లుగా ముఖం కూడా కదలని అతని భార్య పైడితల్లి ఆ పెట్టెతోనే ఇల్లు నడిపేది, తిట్లతో సహా. కిందటి నెల దాని సప్లై పోతే తన అరలోంచే ఒకటి తీసి బిగించాడు.

ఆ మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగాడు.

"బాగానే ఉన్నాను మావా. నువ్వు తిను."

నాలుగు రోజులు అదే మాట. ఒళ్లు కాలుతోందని ఆయా చెప్పినా, మనిషే బాగున్నానంటుంటే డాక్టరెందుకని లెక్క వేశాడు. ఐదో రోజు పైడితల్లి పోయింది. పేగుకు చిల్లు పడిందని, అది అరిచి ఏడవాల్సిన నొప్పి అని డాక్టరు చెప్పాడు.

పెద్దకర్మ అయ్యాక, ఇంకెవరికైనా పనికొస్తుందని పెట్టెను దుకాణానికి తెచ్చాడు. సుగుణ సప్లై ఊడదీసి బరువు పెట్టింది. ఈసారి అతను నవ్వలేదు. పన్నెండు కాస్తా పదకొండుకు జారింది.

మామూలు కబుర్లకు కరెంటు కొంచెమే చాలునని, నొప్పి, భయం లాంటి పెద్ద తలపులకు ఎక్కువ కావాలని ఆమె చెప్పింది. అప్పుడు సప్లై నిలబడకపోతే పెట్టె తలపు చదవడం ఆపేస్తుంది. మనిషి మూగబోకూడదని, ఎప్పుడూ అనే మాటనే ఆ గొంతుతో అనేస్తుంది. దానికి తయారీదార్లు పెట్టిన పేరు వాడుకపలుకు.

పెట్టెలోని చిట్టా తెరిచింది. ఆ నాలుగు రోజుల్లో వోల్టేజి నూట ఆరుసార్లు పడింది. నూట ఆరుసార్లూ వాడుకపలుకే.

"అసలేమంది?"

"అది రాసుకోదు బాబూ."

దానితో పాటు ఒకే లాటులో వచ్చిన సప్లైలు ఎవరెవరికి వెళ్లాయో జాబితా తీయించాడు. మొదటి పేరు గాజువాకలో ఒంటరిగా ఉండే అప్పలస్వామి మాస్టారిది. ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగాడు.

"నాకేం నాయుడూ, దివ్యంగా ఉన్నాను."

మళ్లీ అడిగాడు.

"నాకేం నాయుడూ, దివ్యంగా ఉన్నాను." అదే నింపాది.

మూడోసారి అడగకుండానే జోగినాయుడు గాజువాకకు బయల్దేరాడు.