అద్దం వెనక గొంతు

“ప్లాస్టిక్ బొమ్మకు గింత నఖరా ఏందిరా దేవుడా!” అంది సుజన, మంచం మీది బొమ్మ చెయ్యి పట్టి నాడి వెతుకుతూ.

“నఖరా కాదు సిస్టర్, ఊపిరాడ్తలేదు,” అంది బొమ్మ.

సుజన ఆ చెయ్యి వదిలేసి వెనక్కి దూకింది. నర్సింగ్ క్లాసంతా గొల్లుమంది. ల్యాబ్ చివర నల్లద్దం వెనక, మైకు ముందు కూర్చున్న ఆపరేటర్ జోయెల్ కూడా నవ్వాడు. బొమ్మకు జబ్బు తెప్పించేది, మాటలు పలికించేది, చంపేది అతనే.

“బయటికి రా, నీ బీపీ నేను జూస్త!” అని ఆమె అద్దానికి వేలు చూపించింది. బీపీ అప్పుడే పెరిగింది జోయెల్‌కు.

పాతబస్తీ సందులోని ఆ కాలేజీలో చాలామందికి సిమ్యులేషన్ అంటే బొమ్మలాట. సెల్ఫీలు దిగి, అటెండెన్స్ వేయించుకుని, చార్మినార్ దగ్గర గాజులు బేరమాడటానికి పోయేవాళ్లు. సుజనకు మాత్రం అది పరీక్ష. ఏది ముందు చేయాలో తోచక కొయ్యబారిపోయేది. పాఠం చెప్పే మేడం పక్క గుంపు దగ్గరున్న సమయం చూసి బొమ్మ మూలిగేది.

“సిస్టర్, జర తల ఎత్తి పెట్టరాదు?”

ఎత్తేది.

“గా మాస్కు పెడితే పానం నిమ్మళమైతదేమో!”

పెట్టేది. మేడం వచ్చి చూసి గుడ్ అనేది.

వానపడ్డ సాయంత్రాలు కార్వాన్ వైపు పోయే ఆటో కోసం ఇద్దరూ ఒకే రేకు కింద నిలబడేవాళ్లు.

“నీ పేషెంట్లు మస్తు తెలివైనోళ్లు,” అనేది సుజన.

“నర్సు మంచిగుంటే గట్లనే ఉంటరు.”

ఆమె చున్నీ పిండుకుంటూ నవ్వు దాచుకునేది.

మూడో ఏడు ఆస్పత్రిలో వార్డు డ్యూటీ వేశారు. ఉబ్బసంతో చేరిన సక్కుబాయి అనే ముసలామె, సుజన చూస్తుండగానే ఎగశ్వాసలో పడింది. పెదవులు నీలమెక్కాయి. ఆక్సిజన్ మాస్కు చేతికందేంత దూరంలోనే వేలాడుతోంది. సుజన ఆ ముఖంలోకి చూస్తూ నిలబడింది. సక్కుబాయి ఏమీ అనలేదు. ఊపిరాడని మనిషి ఏమంటుంది?

స్టాఫ్ నర్సు పరుగున వచ్చి సుజనను పక్కకు తోసేసింది. ముసలామెను ఐసీయూకు తీసుకుపోయారు. మర్నాటికీ కళ్లు తెరవలేదు.

ఆ సాయంత్రం ఖాళీ ల్యాబ్‌లో సుజన ఇదంతా జోయెల్‌కు చెప్పింది. ఏడవలేదు. అదే అతన్ని భయపెట్టింది.

“చదువు బంద్ జేస్తున్న.”

“సుజనా, కొత్తల అందరికీ గట్లనే అయితది...”

“అందరికీ కాదు. ఏం జెయ్యాల్నో ఆమెనే చెప్తదని చూసుకుంట నిలవడ్డ, జోయెల్. రోగి చెప్తదని! నాకు గా అలవాటు జేసింది ఎవలు?”

జోయెల్ మంచం మీది బొమ్మ వైపు చూశాడు.

“నువ్వు ఫెయిలైతుంటే జూడలేకపోయిన. నువ్వంటే నాకు పానం. గందుకే బొమ్మతోని చెప్పించిన.”

ఎన్నో వానలు ఆ రేకు కింద ఆమె ఎదురుచూసిన మాట అది. ఇప్పుడు విని గోడకు చేరగిలబడింది.

“నీ ప్రేమ పోయి గా ముసలామె గొంతు మీద కూసున్నది,” అంది.

సందులో ఆటోల హారన్లు మోగుతూనే ఉన్నాయి. సుజన గోడ వదిలి బొమ్మ మంచం దగ్గరికి నడిచింది.

“పో, అద్దం ఎనకకు పో. సక్కుబాయికి అయినట్టే బొమ్మకు చెయ్యి. నోరు తెరిస్తే మాత్రం నా ముఖం మళ్ల జూడవు.”

బొమ్మకు ఎగశ్వాస మొదలైంది. సుజన చేతులు లేవలేదు. తెర మీద ఆక్సిజన్ అంకెలు పడిపోతున్నాయి. అద్దం వెనక జోయెల్ మైకు తీగ పీకేసి, చేతులు రెండూ తొడల కింద అదిమిపెట్టుకున్నాడు. ఒక్క మాట చాలు. అనలేదు.

బొమ్మ చచ్చిపోయింది.

సుజన దాని ఎదమీద పడి, నిన్నటి నుంచి ఆపుకున్నదంతా ఏడ్చింది. జోయెల్ కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె ముఖం తుడుచుకుని అద్దం వైపు తిరిగింది.

“ఉన్నవా?”

అద్దం పలకలేదు.

“గట్లనే ఉండు,” అంది సుజన. “ఇంకోసారి మొదలువెట్టు.”