ఎర్రటోపీ

ఈ స్టేడియం కట్టినవాడు జన్మలో ఒక్క ఆట కూడా జనంలో కూర్చుని చూసి ఉండడని ఎలోడీ గిద్రీ గట్టి నమ్మకం. చూసి ఉంటే, తూర్పు గ్యాలరీలో సరిగ్గా ఆమె ముక్కుకి ఎదురుగా ఆ స్తంభం పాతేవాడు కాదు. మనిషికింతే అని బెంచీ మీద నంబరు వేసిన జాగాలో బడిపిల్లని కూర్చోబెట్టినా మోచెయ్యి పక్కవాళ్ళ ఒళ్ళో ఉంటుంది. మెట్లకి వాలు చాలదు. ముందువరసవాడు లేస్తే వెనకవరస లేవాలి, వాళ్ళు లేస్తే ఆ వెనకవాళ్ళు, అలా చిట్టచివరి వరస ముసలమ్మ దాకా అందరూ లేవాల్సిందే.

ఇవన్నీ ఎలోడీ భరించింది. చిన్నప్పటి నుంచీ నాన్న అల్సీడ్ పక్కన అదే బెంచీ మీద కూర్చుని, ఎండకి మాడి, వానకి నాని, కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోసం గొంతు చించుకుంటూనే పెరిగింది. ఇప్పుడు తనే బడిలో టీచరు. పిల్లల్ని అరవొద్దని వారమంతా చెప్పి, శనివారం వచ్చి తను అరుస్తుంది.

ఆమె భరించలేనిది ఒక్కటే, ఎర్రటోపీ.

టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఎర్రటోపీ పెట్టుకున్న మనిషొకడు మైదానంలోకి నడిచొచ్చి చేతులు కట్టుకుని నిలబడతాడు. వాడు మళ్ళీ పక్కకి తప్పుకునేదాకా ఆట మొదలవదు. ఇంట్లో సోఫాలో కూర్చున్నవాళ్ళు ఈలోపు ఫ్రిజ్ దాకా వెళ్ళొస్తారు. డబ్బిచ్చి టికెట్ కొన్నవాళ్ళు మాత్రం వాణ్ణి చూస్తూ కూర్చోవాలి. అందుకే వాడు గడ్డి మీద కాలు పెట్టగానే స్టేడియమంతా ఊళ పెడుతుంది. తూర్పు గ్యాలరీలో ఆ ఊళ మొదలుపెట్టేది ఎలోడీయే.

పైగా నది అవతలి కాలేజీ రంగు ఎరుపు. వీళ్ళది ఆకుపచ్చ. ఆ టోపీవాణ్ణి అవతలివాళ్ళే కావాలని పంపించారని అల్సీడ్ ఏళ్ళ తరబడి వాదిస్తున్నాడు. కాదన్నవాళ్ళతో మాట్లాడటం మానేశాడు.

ఆ శనివారం ఆట మధ్యలో ఉరిమింది. మెరుపు కనిపిస్తే ఆట ఆపి అందరూ గ్యాలరీ కిందికి పోవాలన్నది రూలు. గొడుగులు గేటు దగ్గరే లాక్కుంటారు కనక అప్పటికే సగం మంది తడిసి ముద్దయ్యారు. గ్యాలరీ కిందికి పోయినా సుఖం లేదు, బెంచీల సందుల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. కారని చోటు ఒక్కటే కనబడింది. అందులో ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. తడిసిన జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది.

"కాస్త జరుగుతారా?" అంది ఎలోడీ.

"జరిగితే నేను తడుస్తానండి."

"జరక్కపోతే నేను తడుస్తాను."

అతను ఒక భుజం మేర జరిగాడు. ఆమె ఒక భుజం మేర దూరింది. ఇద్దరి రెండో భుజాలూ వానలో మిగిలాయి.

"ఇంత చెత్త స్టేడియం ఇంకెక్కడైనా ఉంటుందా?" అంది ఆమె, ఎవరితోనూ అన్నట్టు కాకుండా.

"మంచిదైతే ఎలా ఉండాలంటారు?"

అడక్కూడని మనిషిని అడిగాడు. "వాలు నిటారుగా ఉండాలి, ముందువాడి నెత్తి మీదుగా బంతి కనిపించేలా. బ్యాండు వినిపించాలి, స్పీకర్లలో కార్ల ప్రకటనలు కాదు. ఆడవాళ్ళ టాయిలెట్ క్యూ రెండో సగం మొదలయ్యేలోపు అవ్వాలి. ఇవేవీ లేకపోయినా సర్దుకుపోతాను. ఆ ఎర్రటోపీవాడు మాత్రం ఉండకూడదు."

అతను దగ్గాడు. "ఆయనేం చేశాడండీ పాపం?"

"నిలబడ్డాడు."

"నిలబడటం కూడా నేరమేనా?"

"మనవాళ్ళు బంతిని చివరి గీత అంచు దాకా తోసుకెళ్ళి, ఊరు ఊరంతా లేచి అరుస్తుంటే, అప్పుడొచ్చి నిలబడతాడు చూడండి, అది నేరం. ఉన్న ఊపంతా చల్లారిపోతుంది. కిందటేడు నది అవతలివాళ్ళ మీద ఓడిపోయింది అందుకే."

"చెవిలో ఇయర్‌ఫోన్‌లో ఎవరో చెప్తే వస్తాడేమో."

"చెప్పేవాడు మాకు కనిపించడుగా. కనిపించేవాణ్ణే తిడతాం."

అతను గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి నచ్చింది. కోపంలో ఉన్నప్పుడు ఎదుటివాడు నచ్చడం ఎలోడీకి మరీ చిరాకు. అతని పేరు క్లెమెంట్ ఫాంటెనో. మెరుపులు ఆగాక తన ప్లాస్టిక్ వానకోటు విప్పి ఆమెకిచ్చాడు.

"మరి మీకు?"

"నాకు ఎలాగూ తడవడం తప్పదులెండి," అని జనంలో కలిసిపోయాడు. పోయేముందు ఫోన్ నంబరు మాత్రం అడిగాడు.

ఆ తర్వాత నెలరోజులు జట్టు బయటి ఊళ్ళలో ఆడింది. సాయంత్రాలు ఇద్దరూ మెల్లగా పారే బేయూ కాలవ ఒడ్డున చేపల కొట్టు దగ్గర కలుసుకునేవాళ్ళు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఏం పని చేస్తావంటే, టీవీవాళ్ళ దగ్గర, ఆటల రోజుల్లో, అన్నాడు. కెమెరానా అంది. అతను కాదనలేదు.

ఇంట్లో ఆ మాట చెబితే అల్సీడ్ కూతురి వంక దొంగని ప్రేమించానన్నట్టే చూశాడు.

"టీవీవాడా?"

"కెమెరా నాన్నా, కెమెరా."

"కెమెరా అయితే పర్లేదు. నది అవతలివాళ్ళతో పెద్దాట రోజు తీసుకురా. నేను వండిన గంబో పులుసు తినే తీరు చూసి చెప్తాను, మనిషో కాదో."

అల్సీడ్ వద్దన్నవాణ్ణి ఎలోడీ చేసుకోదు. అది భయం కాదు. అమ్మ వెళ్ళిపోయాక జడలు వెయ్యడం కూడా నేర్చుకుని పెంచిన మనిషి ఆయన. ఆయన మొహం ముడుచుకునే పెళ్ళి ఆమెకి అక్కర్లేదు. కానీ క్లెమెంట్ కూడా కావాలి. బాగా కావాలి.

పెద్దాటకి ముందు వారం జట్టు సొంతూరికి వచ్చింది. ఎలోడీ నాన్న బైనాక్యులర్స్ తీసుకుని మైదానం అంచున కెమెరాలన్నీ వెతికింది. ఎక్కడా లేడు. అంతలో ప్రకటనల బ్రేక్ వచ్చింది. అలవాటు కొద్దీ లేచి, ఊళ మొదలుపెట్టి, బైనాక్యులర్స్ అటు తిప్పింది.

టోపీ కింద క్లెమెంట్ ఉన్నాడు. చేతులు కట్టుకుని, సరిగ్గా ఆమె వరస వంకే చూస్తున్నాడు.

ఊళ గొంతులోనే ఆగిపోయింది.

"ఏమ్మా, గొంతు పట్టేసిందా?" అని అల్సీడ్ మిగతాది తను పూర్తి చేశాడు.

ఆట అయ్యాక గేటు దగ్గర పట్టుకుంది. "చెప్పొచ్చు కదా."

"ఎప్పుడు చెప్పను? వానలో పరిచయమైన కాసేపటికే నన్ను ఉరి తీసేశావు."

"ఆ తర్వాత నెలరోజులుందిగా."

"ఆ తర్వాత నువ్వంటే ఇష్టం పుట్టింది. చెబితే పోతావని భయమేసింది."

"నేనన్ని తిట్లు తిడుతుంటే ఎదురుగా కూర్చుని విన్నావు."

"కూర్చోలేదు. నిలబడే విన్నాను. అదేగా నా పని."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా ఒళ్ళు మండింది. "చూడు, నాన్నకి తెలిస్తే మన కథ ఇక్కడితో సరి. వచ్చే శనివారం టోపీ జేబులో పెట్టుకుని రా. కెమెరా అని చెప్పు. మిగతాది తర్వాత చూద్దాం."

"చెప్పను. ఒకసారి దాస్తేనే ఇంత గొడవైంది. నేనంటే ఇష్టమో కాదో అది చెప్పు ముందు."

"ఇష్టం కాబట్టే ఇంత మండుతోంది," అని విసవిసా వెళ్ళిపోయింది.

పెద్దాట రోజు పొద్దున్నుంచే స్టేడియం బయట పార్కింగ్ మైదానం నిండా ఆటకి ముందు వండుకు తినేవాళ్ళ పచ్చ గుడారాలు, పొయ్యిలు. అల్సీడ్ గంగాళమంత గిన్నెలో గంబో కలుపుతున్నాడు. దూరంగా ఎక్కడో ఊళ మొదలైంది. గుడారం గుడారం దాటి అది దగ్గరకొస్తోంది. ఎలోడీ తల తిప్పి చూసి నిట్టూర్చింది. ఆ పచ్చ సముద్రంలోంచి క్లెమెంట్ ఎర్రటోపీ నెత్తిన పెట్టుకుని నడిచొస్తున్నాడు. ఎవరో విసిరిన రొట్టెముక్క భుజానికి తగిలింది. దులుపుకుని, వచ్చి అల్సీడ్ ముందు నిలబడ్డాడు.

"కెమెరా కాదు సర్. ఇదీ నా పని. మీ అమ్మాయంటే నాకు ప్రాణం."

గరిటె ఆగిపోయింది. "ఏ ఊరు నీది?"

"ఇక్కడే సర్, బేయూ దిగువన. మా నాన్నది రొయ్యల పడవ."

"అవతలి కాలేజీవాడివి కాదూ?"

"నేను చదివింది ఇక్కడే. ఈ టోపీ టీవీవాళ్ళిచ్చింది, రిఫరీలకి దూరం నుంచి కనపడాలని."

ఏళ్ళ తరబడి వాదించిన వాదన అలా పోయేసరికి అల్సీడ్ గరిటెతో గంబోని ఒకసారి గట్టిగా తిప్పాడు. తర్వాత అసలు సంగతి అడిగాడు. "మనవాళ్ళు గీత అంచున ఉన్నప్పుడే ఎందుకొస్తావు?"

"చెవిలో పొమ్మంటారు, పోతాను. స్టేడియం మొత్తంలో చెడ్డ జాగా నాదే సర్. మైదానం నడిమధ్యలో ఉంటాను, నేనున్నంతసేపూ ఆట ఉండదు. మీకు కనీసం అరిచే వీలుంది. మనవాళ్ళ ఊపు చల్లారిపోతుంటే నేను మొహం కూడా కదపకూడదు."

అల్సీడ్ అతన్ని ఎగాదిగా చూశాడు. గిన్నెలో అన్నం వేసి, గంబో నిండా పోసి, చేతికిచ్చాడు. క్లెమెంట్ నిలబడే తినడం మొదలుపెట్టాడు.

"ఏదో ఒకటి చెప్పు నాన్నా," అంది ఎలోడీ.

"తింటున్నాడు కదా, తిననీ," అన్నాడు ఆయన. క్లెమెంట్ గిన్నె అడుగు కనపడేదాకా తిన్నాడు.

ఆట ఆఖర్లో మనవాళ్ళు గీత అంచుకి చేరారు. బ్యాండు దద్దరిల్లుతోంది, గ్యాలరీ ఊగిపోతోంది. సరిగ్గా అప్పుడే ఎర్రటోపీ గడ్డి మీదికొచ్చింది. తూర్పు గ్యాలరీ అంతా ఎలోడీ వంక చూసింది. ఆమె పెదవి విప్పలేదు. ఆగలేక వెనకవరస వెర్లీన్ పిన్ని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఊళ అందుకుంది.

అల్సీడ్ గిర్రున వెనక్కి తిరిగాడు. "ఏయ్ వెర్లీన్, మా అల్లుణ్ణి ఏమన్నా అంటే ఊరుకోను."

వరసంతా నోళ్ళు తెరిచింది. ఎలోడీ ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "అల్లుడేంటి నాన్నా? అతనింకా అడగనే లేదు."

"అడుగుతాడులే. ముందు ఆ గడ్డి మీద నుంచి దిగనీ." ఆయన బెంచీ ఎక్కి, ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనంత గట్టిగా మైదానం వైపు గొంతెత్తాడు. "ఒరే అబ్బాయ్, ఎంతసేపురా? కాళ్ళు పాతుకుపోయాయా?"

"ఇప్పుడే కదా ఏమీ అనొద్దన్నావు?"

"వాళ్ళు అనకూడదు. మనం అనొచ్చు."

కింద క్లెమెంట్ టోపీ కొంచెం పైకెత్తి దించాడు. ఈ ఇద్దరితో జన్మంతా ఎలా వేగాలా అని ఎలోడీ తల పట్టుకుంది. వేగాలనే ఉంది ఆమెకి.