అక్కని చూసి ఎర్రబడే సిగ్నల్

గోదాముల కూడలిలో సిగ్నల్‌కి దెయ్యం పట్టిందని మా బేకరీలో గట్టి నమ్మకం. పగలంతా బుద్ధిగానే ఉంటుంది. తెల్లవారుజామున మూడున్నరకి మాత్రం... రోడ్డు మీద నరమానవుడు లేకపోయినా, నాలుగు వైపులా ఠక్కున ఎరుపు!

ఇదంతా మాకు చెప్పింది బ్రెడ్డు వ్యాను నడిపే అక్క. ఆమెకి స్టీరింగు చేతికిస్తే ఒళ్ళు తెలియదు.

"నాకెప్పుడూ పచ్చే పడుతుందే!" అన్నాడు పాలవ్యాను అతను.

దాంతో అక్క హడలిపోయింది. అంటే... అది కాచుకుని కూర్చున్నది తన ఒక్కదాని కోసమే!

ఆవేళ బాగా ఆలస్యమైంది. ఏమైనా సరే ఆగకూడదనుకుంది. దూసుకెళ్ళింది. కూడలి దగ్గరపడింది... ఎరుపు.

"ఆగను ఫో!" అంది పళ్ళు బిగించి.

కానీ ఎందుకో — కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

మరుక్షణం పక్క రోడ్డులోంచి లైట్లు లేని లారీ ఒకటి ఎరుపుని లెక్కచేయకుండా రయ్యిమని అడ్డంగా పోయింది.

మెల్లగా... పచ్చదీపం వెలిగింది.

అక్క దిగి, స్తంభం మొదట్లో ఓ బన్ను పెట్టింది. "ఎవరివో ఏమో... తిను," అని గుసగుసలాడి వ్యానులోకి ఒకటే పరుగు.

ఇంటికెళ్ళి చెబితే, ట్రాఫిక్ ఆఫీసులో పనిచేసే మరిదికి టీ పొలమారింది.

"వదినా... తిట్టనంటే ఓ మాట చెప్తా. సిగ్నల్స్‌కి పని నేర్పడానికి కంప్యూటర్లో ఉత్తుత్తి ఊరు కట్టాం. అందులో బళ్ళు నడిపే ఉత్తుత్తి మనుషులు. ఒకడు పిరికివాడు, ఒకడు నిద్రమొహం, ఒకడు జగడాలమారి. ఓ తొందరమనిషి కూడా కావాల్సొచ్చి..."

"వచ్చి?"

"నీ స్వభావం, నీ డ్రైవింగు ఉన్నదున్నట్టు దించేశా. ఇప్పుడు నీలా దూసుకొచ్చే బండి కెమెరాలో పడిందంటే, సిగ్నల్ అన్ని వైపులా ఆపేస్తుంది."

అక్క కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి, పొట్ట పట్టుకుని అడిగింది:

"ఇంతకీ ఆ ఊళ్ళో నేను క్షేమమేనా?"

మరిది కప్పులోకి చూశాడు.

"ఆ కూడలిలోనే... ఇప్పటికి మూడువేలసార్లు చచ్చిపోయావు. దానికి దెయ్యం పట్టలేదు వదినా — రోజూ మూడున్నరకి దెయ్యాన్ని చూస్తోంది!"