ప్రొఫెసర్ గారి అత్తయ్య

"దొంగ! దొంగ! వీణ్ణి ముందు తలుపులోంచి ఎవరు రానిచ్చారు?"

యూజీనియమ్మ గారి కేకకి భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళంతా కొయ్యబారిపోయారు. ఆ రోజు ఈస్టర్! ఆవిడ కూతురు లెనోరా పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి చేసిన టొమాటో అన్నం, రొయ్యలు, బెండకాయ పులుసు... అన్నీ ఉన్న పళ్ళెం ఆవిడ చేతిలోంచి ఎగిరి వెళ్ళి అల్లుడి తెల్ల చొక్కా మీద పడింది. అల్లుడంటే ఎవరో కాదు, చార్ల్‌స్టన్ వైద్య కళాశాలలో ప్రొఫెసర్ రూబెన్ చిజమ్! బల్ల చుట్టూ ఉన్నది ఆయన విద్యార్థులు!

"ఆ నలుపు చూడు, ఆ యాస చూడు! దీవి మనిషివి కాదూ? మీవాళ్ళు వెనక తలుపు దగ్గర నిలబడాలని ఎవరూ చెప్పలేదుట్రా నీకు?"

"అమ్మా! ఆయన నా భర్తమ్మా!" అని లెనోరా తల్లి చెయ్యి పట్టుకుంది.

రూబెన్ చొక్కా దులుపుకుని లేచి, టోపీ తీసుకుని ముందు తలుపులోంచి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి వంటింటి తలుపు చప్పుడైంది. ఇంటి చుట్టూ తిరిగి వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడ్డాడు ప్రొఫెసర్!

"రమ్మన్నారట అమ్మగారూ, వచ్చాను."

ముసలావిడ ఎగాదిగా చూసింది. మొహంలో బెదురు మెల్లగా కరిగిపోయింది. "ఊఁ... అలా రావాలి. ఒసేయ్ అమ్మాయ్, అతనికి కాస్త అన్నం పెట్టు. చిక్కిపోయాడు పాపం!"

లెనోరా వంటింట్లోకి పరిగెత్తి కొంగులాంటి ఏప్రన్‌లో మొహం దాచుకుని భోరుమంది. ఎన్ని జ్ఞాపకాలో! ఆ ఊళ్ళో పాత నల్లజాతి కుటుంబాల్లో వాళ్ళది పేరున్న కుటుంబం. తేనె రంగు ఒళ్ళు, పియానో పాఠాలు... సముద్రం మధ్య దీవుల నుంచి వచ్చిన, రొయ్యలు పట్టేవాళ్ళ కొడుకుని ఇష్టపడ్డానంటే తల్లి ఏమంది? "ఆ మసిబొగ్గు నా గడప తొక్కితే నేను చచ్చినట్టే!" అంది. పెళ్ళికి రాలేదు. మనవడు పుడితే చూడలేదు. అలాంటి మనిషి డిమెన్షియాతో, మతి చెదిరి, వీధి వీధీ తిరుగుతుంటే, "మనింటికి తీసుకొద్దాం" అన్నది కూతురు కాదు... ఆ మసిబొగ్గే!

వెనకే రూబెన్, ఆయన వెంట విద్యార్థిని కెటూరా వచ్చారు. దీవుల పిల్ల. "యాసతో మాట్లాడేవాళ్ళు డాక్టర్లవుతారా?" అని ఎంపిక కమిటీలో నవ్విన పెద్దలతో పోట్లాడి, రూబెన్ పట్టుబట్టి సీటిప్పించిన పిల్ల! ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"సార్, ఇదేం పని? తలెత్తుకుని ముందు తలుపులోంచి నడవండర్రా అని మాకు చెప్పేది మీరు! మీరే వెనక నుంచి వస్తే మేమేం నేర్చుకోవాలి?"

"కోపమొచ్చిందా? రావాలి," అన్నాడు రూబెన్, లెనోరా చేతిలోంచి తడిగుడ్డ తీసుకుని చొక్కా తుడుచుకుంటూ. "కాలేజీలో నన్ను పక్కన నిలబడమన్నవాళ్ళకి నేను ఒక్కనాడైనా పక్కకి జరిగానా? లేదు! వాళ్ళకి తామేం చేస్తున్నారో తెలుసు. ఈవిడకి తెలీదమ్మా! ఒక్క ముఖమూ గుర్తుపట్టలేని ఇంట్లో, గజగజా వణికిపోతోంది. వణికే మనిషితో పంతమేమిటి?"

"కానీ ఆవిడ మిమ్మల్ని..."

"జబ్బు రాకముందు అన్నదానికి నాకూ బాధ ఉంది. లేదని అబద్ధం చెప్పను. కానీ ఆ మనిషి వెళ్ళిపోయింది. ఉన్నావిడ నా పేషెంటు... మా అత్తయ్య!"

ఆ మాటకి లెనోరా ఇంకా ఏడ్చింది. కానీ మనసు ఊరుకోలేదు. తన తల్లి నోటి నుంచి భర్త పడుతున్న అవమానాలు చూడలేక, అట్లాంటాలో లాయరుగా ఉన్న తమ్ముడు పెర్సివల్‌కి ఫోన్ చేసింది. "నా వల్ల కాదురా... తీసుకెళ్ళి ఏదైనా ఆశ్రమంలో చేర్చు!"

పెర్సివల్ పెద్ద కారులో దిగాడు. బావని పలకరించడు కూడా! "మంచిదే అయిందిలే అక్కా. మన అమ్మకి ఆ మనిషి చేతులతో స్నానం చేయించడమేమిటి, తల దించుకోవాల్సిన సంగతి," అన్నాడు, ఎదురుగా ఉన్న రూబెన్ వినేలాగే.

"అమ్మా, పద. నేను పెర్సివల్‌ని," అని చెయ్యి పట్టుకున్నాడు.

యూజీనియమ్మ గారు చెయ్యి విదిలించుకుంది! పరుగులాంటి నడకతో వెళ్ళి రూబెన్ వెనక దాక్కుని అతని చొక్కా పట్టుకుంది.

"ఎవరో దొంగలా ఉన్నాడు బాబూ... నన్ను వీడితో పంపకు! నువ్వొస్తేనే వస్తాను. నువ్వు నా మనిషివి!"

నా మనిషివి...! జీవితమంతా గడప దాటనివ్వని నోటి నుంచి ఆ మాట! రూబెన్ కళ్ళలో నీళ్ళు తిరగడం లెనోరా మొదటిసారి చూసింది. "ఎక్కడికీ పంపను అత్తయ్యా," అన్నాడు ఆయన, దీవుల యాసలోనే. పెర్సివల్ పాలిపోయిన మొహంతో కారెక్కాడు. ఆ తర్వాత ఆవిడ కన్నుమూసేదాకా, తలదువ్వినా అన్నం తినిపించినా అల్లుడే. అతని చేతుల్లోనే పోయింది.

రూబెన్ మాత్రం అక్కడితో ఆగలేదు. మతి తప్పినవాళ్ళని చూసుకునే ఇళ్ళకి వెళ్ళి, కాపలా కాసే కూతుళ్ళ పక్కన, కోడళ్ళ పక్కన కూర్చుని రానిదే ఏ విద్యార్థినీ పాస్ చేయనన్నాడు. పొలం పనివాళ్ళ పిల్లలు, వలస వచ్చినవాళ్ళ పిల్లలు, దీవుల పిల్లలు... ఒక్కొక్కరినీ వెతికి తెచ్చి తెల్లకోటు తొడిగించాడు.

అలా ఏళ్ళు గడిచాక, మొన్న శరత్కాలంలో ఆయన గుండె ఆగిపోయింది.

కాలేజీ పెద్ద హాలులో సంతాప సభ. నల్లటి దుస్తుల్లో ముందు వరసలో కూర్చున్న లెనోరా వెనక్కి తిరిగి చూసింది. ఎన్ని రంగులు, ఎన్ని యాసలు! హాలు నిండా డాక్టర్లే! ఇప్పుడు అదే కాలేజీలో పాఠం చెబుతున్న డాక్టర్ కెటూరా వేదిక మీద నిలబడి, తన దీవుల యాసని ఏమాత్రం దాచకుండా మాట్లాడింది. "రోగికి మందిచ్చాకే భయం పోగొట్టాలి అనేవారు మా సార్... కాదు కాదు, భయం పోగొట్టాకే మందు అనేవారు!" అని ఏడుపులోనే తడబడి నవ్వింది. హాలంతా నవ్వింది, ఏడ్చింది. లెనోరా ఏడవలేదు. నిటారుగా కూర్చుంది.

సభ అయ్యాక ఎవరో భుజం తట్టారు. పెర్సివల్! జుట్టంతా నెరిసిపోయింది.

"అక్కా..." అని చెయ్యి పట్టుకున్నాడు. "నీ మరదలు మార్గోకి... అమ్మకొచ్చిందే వచ్చింది. ఇల్లు గుర్తులేదు, నేను గుర్తులేను. దారిలో విసుక్కుని అరిచేశాను. కార్లో ఏడుస్తూ కూర్చుంది. బావని ఆ రోజు అంతేసి మాటలన్నాను... ఇప్పుడు ఏ మొహంతో అడగను? బావ ఎలా చేసేవాడో నాకు నేర్పవూ, అక్కా!"

లెనోరా తమ్ముడి కళ్ళు తుడిచింది. పూలగుత్తులతో నిలబడ్డ పెద్దలని దాటుకుని, తిన్నగా కారు దగ్గరికి నడిచింది. తలుపు తీసి మరదలి పక్కన కూర్చుని, ఆమె చల్లటి చేతులని తన చేతుల్లోకి తీసుకుంది.

మార్గో బెదురుగా చూసింది. "మీరు... మీరెవరండీ?"

"నేనా?" లెనోరా తలెత్తింది. "ప్రొఫెసర్ రూబెన్ చిజమ్ భార్యనమ్మా! భయపడకు. మనింటికి భోజనానికి వెళ్దాం పద!"